బోర్బన్, రై విస్కీల పోలికలో పీపా పాత్ర

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో తయారయ్యే ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్ అనే బోర్బన్ విస్కీ ఏడాదికి మూడు విడతలుగా మార్కెట్లోకి వస్తుంది. ‘బ్యారెల్ ప్రూఫ్’ అంటే నీళ్ళు కలిపి పలుచన చేయకుండా, పీపాలో ఉన్న తీవ్రతతోనే సీసాలో నింపినది. ప్రతి విడతకూ ఒక సంకేతం ఉంటుంది. సీ923 అంటే 2023లో మూడో విడతగా సెప్టెంబరులో వచ్చినది. బీ523 అంటే అదే ఏడాది మే నెలలో వచ్చిన రెండో విడత. విస్కీ అభిమానులు ఇలాంటి రెండు విడతలను పక్కపక్కన పెట్టుకుని, దేనిలో వెనిలా వాసన ఎక్కువ, ఏది గొంతులో మంట పుట్టిస్తుంది, ఏది పెట్టిన డబ్బుకు తగినది అని గంటల తరబడి వాదించుకుంటారు. తయారుచేసే సంస్థ ఒకటే, ధాన్యాల పాళ్ళు ఒకటే, అయినా తేడా కనిపిస్తుంది. ఆ తేడాలో ఎంత సీసాలో ఉంది, ఎంత తాగేవారి నాలుకలో ఉంది అన్నది విడదీసి చూడవలసిన విషయం. నా ఉద్దేశంలో ఈ పోలికల్లో ధాన్యానికి దక్కవలసినదానికన్నా ఎక్కువ పేరు దక్కుతోంది, పీపాకూ గోదాముకూ తక్కువ దక్కుతోంది, రుచి చూసేవారి నాలుక అసలు లెక్కలోకే రావడం లేదు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. బోర్బన్ అనిపించుకోవాలంటే వాడిన ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. అమెరికన్ రై విస్కీ అనిపించుకోవాలంటే కనీసం 51 శాతం రై ఉండాలి. రై మన పొలాల్లో కనిపించని పంట. గోధుమకు దగ్గరి బంధువు, చలిదేశాల్లో, సారం తక్కువైన నేలల్లో కూడా పండుతుంది. మిగతా ముఖ్య నిబంధనలన్నీ రెండింటికీ సమానమే. బట్టీ నుంచి దిగేటప్పుడు ఆల్కహాల్ 80 శాతం మించకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం మించకూడదు, ఆ పీపా లోపలివైపు కాల్చిన కొత్త ఓక్ కలపతో చేసినదై ఉండాలి, సీసాలో నింపేటప్పుడు 40 శాతానికి తగ్గకూడదు. లేబుల్ మీద ‘స్ట్రెయిట్’ అని ఉంటే కనీసం రెండేళ్ళు పీపాలో ఉన్నదని అర్థం. ‘ప్రూఫ్’ అన్న అంకె ఆల్కహాల్ శాతానికి రెట్టింపు.

ఈ 51 శాతం అనే గీత చూడటానికి స్పష్టంగా ఉన్నా, రుచి విషయంలో అది చాలా పలుచని గీత. ఇండియానా రాష్ట్రంలోని లారెన్స్‌బర్గ్‌లో ఉన్న పెద్ద డిస్టిలరీ 95 శాతం రై, 5 శాతం బార్లీ మాల్ట్ కలిపి చేసే విస్కీని ఎన్నో సంస్థలు కొని తమ పేర్లతో అమ్ముతాయి. బులెట్ రై అలాంటిదే. కెంటకీ పద్ధతిలో చేసే రిటెన్‌హౌస్ రైలో రై వాటా 51 శాతం దగ్గరే ఆగుతుంది. మరోవైపు ఫోర్ రోజెస్ సంస్థ చేసే ఒక బోర్బన్‌లో 35 శాతం రై ఉంటుంది. అంటే ఒక బోర్బన్‌కూ ఒక రైకీ మధ్య దూరం 16 పాళ్ళు ఉండగా, రెండు రై విస్కీల మధ్య దూరం 44 పాళ్ళు ఉంది. కాబట్టి ‘బోర్బన్ తియ్యన, రై ఘాటు’ అనే సాధారణ సూత్రంతో కొత్త సీసాను అంచనా వేస్తే బోల్తా పడే అవకాశం ఎక్కువ.

రైకి ఆ ఘాటు ఎక్కడ నుంచి వస్తుంది? దాని గింజల్లో ఫెరులిక్ ఆమ్లం ఉంటుంది. పులియబెట్టేటప్పుడూ బట్టీలో వేడెక్కేటప్పుడూ అందులో కొంత 4-వినైల్‌గ్వాయకాల్‌గా మారుతుంది. దాని వాసన లవంగాన్ని గుర్తుచేస్తుంది. అయితే లవంగ నూనెలో ప్రధానంగా ఉండే యూజినాల్ అనే పదార్థం ఓక్ కలపలో కూడా ఉంది. అంటే గ్లాసులోంచి వచ్చే ఆ లవంగపు వాసన ధాన్యానిదా, కలపదా అన్నది కేవలం ముక్కుతో తేల్చడం కష్టం. అభిమానులు దాన్ని చూడగానే రై ఖాతాలో వేసేస్తారు.

ఇక పీపా సంగతి. దాదాపు 200 లీటర్లు పట్టే ఈ పీపాను తయారీలో భాగంగా లోపలి నుంచి మంటతో కాలుస్తారు. నాలుగో స్థాయి అని పిలిచే కాల్పుకు ఒక నిమిషం కూడా పట్టదు. ఆ కొద్ది సమయంలోనే కలప ఉపరితలం బొగ్గుగా మారి, మొసలి చర్మంలా పగుళ్ళు తేలుతుంది. ఆ బొగ్గు పొర కొత్త విస్కీలోని గంధకపు వాసనలను పట్టి ఉంచుతుంది. దాని కింద, వేడి తగిలినా పూర్తిగా కాలని పొరలో అసలు వంట జరుగుతుంది. కలపలోని హెమిసెల్యులోజ్ విరిగి చక్కెరలుగా మారి, అవి మాడి రంగునూ కారమెల్ వాసననూ ఇస్తాయి. లిగ్నిన్ విరిగి వెనిలిన్‌నూ, పొగ వాసనగల గ్వాయకాల్‌నూ ఇస్తుంది. అమెరికన్ తెల్ల ఓక్‌లో సమృద్ధిగా ఉండే లాక్టోన్లు కొబ్బరి వాసన ఇస్తాయి. బోర్బన్‌లో రంగు కలపడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి గ్లాసులో కనిపించే ఎరుపుదనమంతా కలప నుంచి దిగినదే. బోర్బన్‌కైనా రైకైనా ఇదే కొత్త పీపా గనుక రెండింటి రుచిలో పెద్ద భాగం ఉమ్మడి ఆస్తి.

పీపా ఎక్కడ ఉందన్నది ఇంకా ముఖ్యం. కెంటకీలో వేసవి వేడి, శీతకాలపు చలి రెండూ గట్టివే. వేడికి విస్కీ వ్యాకోచించి కలపలోకి దూరుతుంది, చలికి సంకోచించి వెనక్కి వస్తుంది. అంతస్తుల గోదాములో పై అంతస్తు వేడిగా, పొడిగా ఉంటుంది. అక్కడ పీపాలోంచి ఆల్కహాల్‌కన్నా నీరు త్వరగా ఆవిరైపోయి, మిగిలిన విస్కీ తీవ్రత, అంటే అందులోని ఆల్కహాల్ శాతం, పెరుగుతూ పోతుంది. చల్లగా, తేమగా ఉండే కింది అంతస్తుల్లో ఈ పెరుగుదల ఉండదు, ఒక్కోసారి తీవ్రత తగ్గుతుంది కూడా. ఇప్పుడు సీ923 లేబుల్ చూడండి. దాని తీవ్రత 66.5 శాతం, వయసు 13 సంవత్సరాల 7 నెలలు. పీపాలో పోసేనాటికి చట్టం ఒప్పుకునేది 62.5 శాతమే. అంటే ఆ విడతలో కలిపిన పీపాలు మొత్తం మీద వేడి చోట్ల గడిపి నీటిని పోగొట్టుకున్నవని సీసా మూత తీయకుండానే చెప్పవచ్చు. బీ523 తీవ్రత 62.1 శాతం, వయసు 11 సంవత్సరాల 5 నెలలు. ఈ రెండింటినీ ఉన్నవి ఉన్నట్టుగా పోల్చినప్పుడు మనం వయసును, గోదామును, ఆల్కహాల్ తీవ్రతను ఒకేసారి పోలుస్తున్నాం. ‘సీ విడత ఘనంగా ఉంది’ అని ఎవరైనా అంటే, ఆ ఘనత ఈ మూడింటిలో దేనిదో ఆ ఒక్క పోలికతో చెప్పడం అసాధ్యం.

ఒక్కో అంశాన్ని విడదీయడానికి నిజంగా గట్టి ప్రయత్నం చేసినది కెంటకీలోని ఫ్రాంక్‌ఫోర్ట్‌లో ఉన్న బఫలో ట్రేస్ డిస్టిలరీ. ‘సింగిల్ ఓక్ ప్రాజెక్ట్’ పేరుతో మిజోరీ రాష్ట్రపు ఓజార్క్ అడవుల్లో 96 ఓక్ చెట్లను ఎంపిక చేసి, ఒక్కో చెట్టు పై సగంతో ఒక పీపా, కింది సగంతో మరో పీపా చేయించారు. మొత్తం 192 పీపాలు. ఈ అంకె యాదృచ్ఛికం కాదు. చెట్టులో పై సగమా, కింది సగమా; ధాన్యంలో మొక్కజొన్నకు తోడు రైయా, గోధుమా; పీపాలో పోసిన తీవ్రత 52.5 శాతమా, 62.5 శాతమా, కలపను ఆరు నెలలు ఆరబెట్టారా, పన్నెండు నెలలా, కాల్పు మూడో స్థాయా, నాలుగో స్థాయా, గోదాము కాంక్రీటు నేలదా, చెక్క దూలాలదా, ఈ ఆరింటికీ రెండేసి జవాబులు. కలప వలయాలు దగ్గరదగ్గరగా ఉన్నాయా, మధ్యస్థమా, దూరందూరమా అన్న ఏడో అంశానికి మూడు జవాబులు. రెండును ఆరుసార్లు హెచ్చించి మూడుతో గుణిస్తే సరిగ్గా 192. సాధ్యమయ్యే ప్రతి కూడికకూ ఒక పీపా ఉందన్నమాట. అన్నిటినీ ఎనిమిదేళ్ళు ఉంచి, అన్నిటినీ ఒకే 45 శాతం తీవ్రతకు తెచ్చి, 2011 నుంచి 2015 వరకు విడతకు 12 పీపాల చొప్పున 16 విడతలుగా విడుదల చేసి, కొన్నవారి చేతనే మార్కులు వేయించారు.

ప్రయోగాల రూపకల్పనలో ఇది అందమైన పద్ధతి. గోధుమ కలిసిన 96 పీపాల సగటును రై కలిసిన 96 పీపాల సగటుతో పోల్చినప్పుడు, మిగతా ఆరు అంశాలూ రెండు వైపులా సమానంగా పంచుకుని ఉంటాయి కనుక, మిగిలే తేడా ధాన్యానిదేనని కొంత ధైర్యంగా అనవచ్చు. కాని పత్రికలకు ఎక్కినది సగటుల కథ కాదు, విజేత కథ. 80వ నంబరు పీపాకు మొదటి స్థానం దక్కింది: రై కలిసినది, చెట్టు కింది సగంతో చేసినది, 62.5 శాతం దగ్గర పోసినది, నాలుగో స్థాయిలో కాల్చినది. ఇక్కడే ప్రయోగం బలహీనపడుతుంది. ప్రతి కూడికకూ ఉన్నది ఒకే పీపా. ఒకే విధంగా చేసిన రెండు పీపాల మధ్య కూడా సహజంగా తేడా ఉంటుంది కాబట్టి, 80వ పీపా గెలవడానికి దాని కూడిక కారణమో, ఆ ఒక్క పీపా అదృష్టం కారణమో తెలియదు. 192 మందిలో మొదటి ర్యాంకు తెచ్చుకున్నవాడికి చదువుతోపాటు ఆ రోజు కలిసి వచ్చిన ప్రశ్నపత్రం కూడా తోడై ఉంటుంది. పైగా మొదటి విడతకూ చివరి విడతకూ మధ్య నాలుగేళ్ళు గడిచాయి. రుచి జ్ఞాపకాన్ని అంతకాలం నమ్మడానికి నేను సిద్ధంగా లేను.

నాలుకను నమ్మకపోవడానికి మరికొన్ని కారణాలున్నాయి. మిరపకాయలోని క్యాప్సైసిన్‌కు స్పందించే గ్రాహకమే ఆల్కహాల్‌కూ స్పందిస్తుంది. మామూలుగా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర ‘వేడి’ అని సంకేతం పంపే ఆ గ్రాహకాన్ని ఆల్కహాల్ 34 డిగ్రీలకే మేల్కొలుపుతుంది. నోటి సహజ ఉష్ణోగ్రత అంతకన్నా ఎక్కువ కాబట్టి విస్కీ మంటగా తోస్తుంది. మొదటి గుక్కతో ఈ మంటకు నోరు కొంత అలవాటు పడుతుంది. అందుకే వరసలో మొదటి గ్లాసు కరుకుగా, రెండోది మెత్తగా, తియ్యగా అనిపించడం సహజం. కొత్త సీసా నుంచి పోసిన తొలి గ్లాసు బాగుండదని, కొన్నాళ్ళు గాలి తగిలితే బాగుపడుతుందని అభిమానుల్లో ఒక నమ్మకం ఉంది. అందులో గాలి వాటా ఎంతో, ఆ సాయంత్రం ఇంకా అలవాటు పడని నోటి వాటా ఎంతో విడదీసి చూసేవారు అరుదు. రంగు కూడా మోసం చేస్తుంది. 2001లో ప్రచురితమైన ఫ్రాన్స్‌లోని బోర్డో అధ్యయనంలో, తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వైన్ శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. ముదురు రంగు బోర్బన్‌ను చూసి ‘పాతది, చిక్కనిది’ అనుకోవడం ఇదే కోవలోకి వస్తుంది.

సరైన పోలికకు మొదటి మెట్టు నీళ్ళు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటర్ నమూనాలతో గ్వాయకాల్ అణువుల కదలికను పరిశీలించారు. ఆల్కహాల్ 45 శాతం వరకు ఉన్నప్పుడు అవి ద్రవపు ఉపరితలం దగ్గర చేరుతున్నాయి. 59 శాతం దాటితే ఆల్కహాల్ అణువుల మధ్య చిక్కుకుని లోపలే ఉండిపోతున్నాయి. పీపా తీవ్రతతో నింపిన సీ923, బీ523 సీసాలు ఈ రెండో స్థితిలోనివే. సీ923ను 30 మిల్లీలీటర్లు తీసుకుని దాదాపు 10 మిల్లీలీటర్ల నీళ్ళు, బీ523ను అంతే తీసుకుని 7 మిల్లీలీటర్లకు కాస్త మించి నీళ్ళు కలిపితే రెండూ సుమారు 50 శాతానికి వస్తాయి. విస్కీలను మేళవించే నిపుణులు ఇంకా ముందుకు వెళ్ళి దాదాపు 20 శాతానికి పలుచన చేసి వాసన చూస్తారు. ‘నీళ్ళు కలిపితే అసలు రుచి పోతుంది’ అనే పట్టుదల పోలిక విషయంలో అడ్డంకే తప్ప ఉపకారం కాదు.

రెండో మెట్టు త్రికోణ పరీక్ష. మూడు గ్లాసులు, రెండింటిలో ఒకటే విస్కీ, మూడోదానిలో వేరేది; రంగు కనిపించని గ్లాసులు, పోసినవారు పక్క గదిలో. వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఊహతో చెప్పినా మూడింట ఒక వంతు సరిపోతుంది కాబట్టి, పన్నెండుసార్లలో కనీసం ఎనిమిదిసార్లు సరిగ్గా చెబితేనే తేడా తెలిసిందని ఒప్పుకుంటారు. గుక్కకు పది మిల్లీలీటర్లు మించకుండా, రుచి చూసి ఉమ్మివేస్తూ, ఒకే రోజు కాకుండా కొన్ని రోజుల మీద చేయవలసిన పని ఇది.

ఈ పరీక్షకు ఫోర్ రోజెస్ సంస్థ సింగిల్ బ్యారెల్ సీసాలు, అంటే ఒక్కొక్కటీ ఒకే పీపా నుంచి నింపినవి, చక్కగా పనికివస్తాయి. ఆ సంస్థ 20 శాతం, 35 శాతం రై ఉన్న రెండు ధాన్యపు పాళ్ళను ఐదు రకాల ఈస్ట్‌లతో పులియబెట్టి పది రకాల బోర్బన్ చేస్తుంది. గోదాములు ఒకే అంతస్తువి కావడం వల్ల ఎత్తు తేడా కూడా తక్కువ. నాలుగు అక్షరాల సంకేతంలో రెండో అక్షరం ధాన్యాన్ని, నాలుగోది ఈస్ట్‌ను చెబుతుంది. ఓబీఎస్‌వీని ఓఈఎస్‌వీతో పోలిస్తే ఈస్ట్ మారకుండా ధాన్యం మారుతుంది; ఓబీఎస్‌క్యూతో పోలిస్తే ధాన్యం మారకుండా ఈస్ట్ మారుతుంది. అయితే ఆ రెండు పోలికలకన్నా ముందు చేయవలసినది మరొకటి ఉంది: ఓబీఎస్‌వీలోనే వేర్వేరు పీపాల నుంచి నింపిన రెండు సీసాల మధ్య త్రికోణ పరీక్ష. అందులోనే పన్నెండుకు ఎనిమిది వస్తే, తరువాతి పోలికల్లో కనిపించే తేడాలోంచి ఆ పీపాల తేడాను మినహాయించుకున్నాకనే ధాన్యం గురించిగాని, ఈస్ట్ గురించిగాని మాట్లాడటానికి వీలవుతుంది.