ఎడారి నగరానికి నోటి సాక్ష్యం: లాస్ వేగాస్ మౌఖిక చరిత్రల వెనుక కథ

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, లాస్ వేగాస్ డౌన్‌టౌన్‌కు ఆనుకుని వెళ్లే ఇంటర్‌స్టేట్-15 రహదారిని వెడల్పు చేసే పనిలో భాగంగా 2008లో ఎఫ్ స్ట్రీట్ అనే వీధిని అడ్డంగా మూసేశారు. పటం మీద అది చాలా చిన్న వీధి. అయితే రహదారికి అవతల వెస్ట్‌సైడ్ అనే పేటలో తరాలుగా ఉంటున్న నల్లజాతి కుటుంబాలకు డౌన్‌టౌన్ చేరుకునే కొద్దిపాటి దారుల్లో అదొకటి. 1960లలో ఈ రహదారి మొదటిసారి వచ్చినప్పుడు తమ పేట ఊరికి ఎలా దూరమైందో అక్కడి పెద్దలకు గుర్తుంది. తమకు సరిగా చెప్పకుండానే దారి మూశారని వారు వీధికెక్కారు, కోర్టుకు వెళ్లారు. మరుసటి ఏడాది రాష్ట్ర శాసనసభ కలగజేసుకుంది. చివరకు 2014 డిసెంబరులో ఆ వీధి మళ్లీ తెరుచుకుంది. ఒక వీధి కోసం అంత పట్టుదల ఎందుకన్నది అర్థం కావాలంటే ఆ పేట గతం తెలియాలి. ఆ గతంలో పెద్ద భాగం మునిసిపల్ దస్త్రాలలో దొరకదు, అక్కడ బతికినవారు టేపు రికార్డరు ముందు కూర్చుని చెప్పిన మాటలలోనే ఉంది. మౌఖిక చరిత్ర అంటే ఆ మాటలే.

నగరం పుట్టుకకు సంబంధించిన కాగితాలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. 1902లో హెలెన్ స్టూవర్ట్ అనే ఆమె ఎడారి మధ్య నీటి ఊటలున్న తన పశువుల క్షేత్రాన్ని సెనేటర్ విలియం క్లార్క్ రైలు కంపెనీకి అమ్మింది. 1905 మే 15, 16 తేదీలలో ఆ కంపెనీ ఇళ్ల స్థలాలను వేలం వేసింది. అంతకు ముందే, పట్టాలకు పడమర వైపున జె.టి. మెక్‌విలియమ్స్ అనే సర్వేయరు మరో ఊరికి స్థలాలు గీసి అమ్మడం మొదలుపెట్టాడు. ఊటలు రైలు కంపెనీవి, గొట్టాలూ కంపెనీవే. అందువల్ల నీళ్లు తూర్పు వైపుకే వెళ్లాయి. పడమటి ఊరు డేరాలు, చెక్క గుడిసెల వాడగా మిగిలింది. వెస్ట్‌సైడ్ అంటే ఆ వాడే. ఎడారిలో నీటి గొట్టం ఎటు తిరిగితే ఊరు అటు పెరుగుతుంది కనుక, ఈ నగరంలో తరువాత వచ్చిన అనేక తగాదాలకు మూలం ఆ మొదటి పంపకంలోనే ఉందని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

1931లో రెండు పెద్ద సంగతులు ఒకేసారి జరిగాయి. నెవాడా జూదాన్ని చట్టబద్ధం చేసింది. కొలరాడో నది మీద, తరువాత హూవర్ డ్యామ్‌గా పేరుపడిన ఆనకట్ట పని మొదలైంది. వేలమంది కూలీలకు పని దొరికిన ఆ ఆనకట్ట మీద నల్లజాతివారిని మొదట్లో తీసుకోనే లేదు, ఒత్తిడి వచ్చాక కొద్దిమందికి మాత్రం అవకాశం ఇచ్చారు. కార్మికుల కోసం కట్టిన బౌల్డర్ సిటీలో వారికి ఇల్లూ ఇవ్వలేదు. 1940 జనాభా లెక్కల ప్రకారం లాస్ వేగాస్‌లో మొత్తం 8,422 మంది ఉంటే, అందులో నల్లజాతివారు 178 మంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సమీపంలోనే, నేటి హెండర్సన్‌లో, బేసిక్ మెగ్నీషియం కర్మాగారం రావడంతో ఆ లెక్క తారుమారైంది. అర్కాన్సాలోని ఫోర్డైస్, లూసియానాలోని టల్లూలా అనే రెండు చిన్న ఊళ్ల నుంచి, కోత మిల్లులలోనూ పత్తి చేలలోనూ పనిచేసిన కుటుంబాలు ఒకరి వెనుక ఒకరుగా వచ్చి చేరాయి. ముందు వచ్చినవాడు ఉత్తరం రాస్తే బావమరిది, ఆ తరువాత మేనత్త, ఆపై ఆ వీధిలో సగం మంది. పాలమూరు వలసల గురించి విన్న మనకు ఈ వరస కొత్తది కాదు.

ఆ దశాబ్దంలోనే మరొకటి జరిగింది. అంతకుముందు డౌన్‌టౌన్‌లో దుకాణాలు నడుపుకునే నల్లజాతివారికి నగరపాలక సంస్థ లైసెన్సులు పునరుద్ధరించకుండా, వ్యాపారం చేసుకోవాలంటే వెస్ట్‌సైడ్‌కు వెళ్లాలన్న పరిస్థితి కల్పించింది. ఇటువంటి వ్యవహారంలో కాగితం మీద మిగిలేది ఒక దరఖాస్తు, దాని మీద తిరస్కరణ. దాని వెనుక ఉద్దేశం ఏమిటో దుకాణదారు కూతురో మనవడో చెప్పాల్సిందే. ఆ పేటలో 1950ల వరకు చాలా వీధులకు తారు లేదు, మురుగు కాలువలు లేవు. వేసవిలో తడిపిన దుప్పట్లు కప్పుకుని ఆరుబయట పడుకునేవారమన్న మాట మాత్రం పట్టాలకు రెండు వైపులవారి నోటా వినిపిస్తుంది. ఎండ దగ్గర భేదం లేదు, దుమ్ము దగ్గర ఉంది.

కాసినో హోటళ్లు బారులు తీరిన స్ట్రిప్ అనే రహదారి మీద వెలుగు పెరిగే కొద్దీ ఈ భేదం మరింత కొట్టొచ్చినట్టు కనిపించింది. నాట్ కింగ్ కోల్, సామీ డేవిస్ జూనియర్ వంటి గాయకులు రాత్రి వేదిక మీద పాడి, పడుకోవడానికి వెస్ట్‌సైడ్ వెళ్లాల్సి వచ్చేది. తాము పాడిన హోటల్లో వారికి గది ఇచ్చేవారు కాదు. అలా వచ్చినవారిని తన ఇంట్లో ఉంచుకున్నవారిలో జెనెవీవ్ హారిసన్ అనే ఇల్లాలు ఒకరు. ఆ ఇల్లు ఎఫ్ స్ట్రీట్‌లోనే ఉంది, నేటికీ నిలిచి ఉంది. ఆ రోజులకు సంబంధించి బాగా ప్రచారంలో ఉన్న కథ ఒకటుంది: ఒక నల్లజాతి తార ఈత కొలనులో కాలు పెట్టారని హోటల్‌వారు కొలనులో నీళ్లన్నీ తోడించేశారట. కొందరు ఆ తార డొరొతీ డాండ్రిడ్జ్ అంటారు, కొందరు సామీ డేవిస్ అంటారు. హోటల్ పేరు కూడా చెప్పేవారిని బట్టి మారిపోతుంది. ఇన్ని రూపాలలో తిరిగే కథను జరిగిన సంఘటనగా రాసేయడం తొందరపాటు అవుతుంది. కానీ అన్ని రూపాలలోనూ మారనిది ఒకటుంది. అది విన్న నల్లజాతివారెవరూ అబ్బే, అలా చేసి ఉండరని అనలేదు. హోటళ్లు ఏం చేయగలవని వారు నమ్మారో తెలియజేయడంలో ఈ కథ విలువ ఉంది, కొలను లోతు కొలవడంలో లేదు.

నోటి మాట కాగితాన్ని సరిదిద్దిన సందర్భమూ ఉంది. 1955 మేలో మూలాన్ రూజ్ అనే హోటల్ అన్ని జాతులవారికీ తలుపులు తెరుస్తూ వెస్ట్‌సైడ్ అంచున మొదలై, అదే ఏడాది నవంబరుకల్లా మూతపడింది. 1960లో నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖ అధ్యక్షుడు, దంతవైద్యుడు జేమ్స్ మెక్‌మిలన్, హోటళ్లు వివక్ష మానకపోతే స్ట్రిప్ మీద ఊరేగింపు తీస్తామని మేయరుకు లేఖ రాసి గడువు పెట్టారు. మార్చి 26న, గడువు ముగిసే రోజున, మూతపడి ఉన్న ఆ హోటల్లోనే మేయరు, పత్రికాధిపతి హాంక్ గ్రీన్‌స్పన్, ఉద్యమ నాయకులు సమావేశమై హోటళ్ల తలుపులు తెరుచుకుంటున్నాయని ప్రకటించారు. చరిత్ర పుస్తకాలలో ఇది మూలాన్ రూజ్ ఒప్పందంగా స్థిరపడిపోయింది. అయితే 1990లలో మెక్‌మిలన్ తన జీవితాన్ని నెవాడా విశ్వవిద్యాలయపు మౌఖిక చరిత్ర విభాగానికి చెప్పినప్పుడు కథనం వేరుగా నడిచింది. ఆయన చెప్పిన ప్రకారం అసలు బేరం అంతకు ముందే తేలిపోయింది. వెస్ట్‌సైడ్‌లో వ్యాపారం చేసే ఆస్కర్ క్రోజియర్, కాసినోల అసలు యజమానులతో తనకున్న పరిచయం వల్ల రాయబారం నడిపాడు. అటు నుంచి సరేనన్న కబురు వచ్చింది. హోటల్లో జరిగింది ఆ కబురును లోకానికి చెప్పే సభ మాత్రమే. కాసినోల వెనుక నేర ముఠాల డబ్బు ఉందని తెలిసిన ఊరిలో ఇది నమ్మదగినట్టే ఉంది. పత్రికలో పడిన ఫొటోలో ఉన్నవారు ఒకరు, పని జరిపించినవారు మరొకరు. అయితే మెక్‌మిలన్ కూడా ఒక పక్షంవాడే, సంగతి జరిగిన మూడున్నర దశాబ్దాలకు చెబుతున్నవాడే అన్నది కూడా చదివేవారు మరువకూడదు.

ఈ మాటలను కూడబెట్టే పని పలు దశలలో జరిగింది. రెనోలోని నెవాడా విశ్వవిద్యాలయం 1965లోనే మౌఖిక చరిత్ర విభాగం పెట్టింది. లాస్ వేగాస్‌లో 1970ల నుంచి చరిత్ర ఆచార్యుడు రాల్ఫ్ రోస్కీ తన విద్యార్థులను పాత కాపురస్తుల ఇళ్లకు పంపి ఇంటర్వ్యూలు చేయించాడు. వాటిలో కొన్ని హోంవర్క్ వాసన కొడతాయి. కుర్రవాడు ప్రశ్నల జాబితా చదువుతాడు, పెద్దాయన ఔను కాదు అని ముగిస్తాడు. అయినా వారు మాట్లాడించిన తరం మళ్లీ దొరికేది కాదు. 2003లో లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో మౌఖిక చరిత్ర పరిశోధన కేంద్రం ఏర్పడి, క్లేటీ వైట్ దానికి తొలి సంచాలకురాలయ్యాక పనికి ఒక పద్ధతి వచ్చింది. కాసినో పరిశ్రమలో నల్లజాతి మహిళల పాత్ర మీద ఆమె 1997లోనే సిద్ధాంతవ్యాసం రాశారు. హోటల్ వెనుక గుమ్మం నుంచి చూస్తే నగరం ఎలా కనిపిస్తుందో ఆమెకు అప్పటికే తెలుసు. 2012లో మొదలైన నల్లజాతి అనుభవాల ప్రాజెక్టు, 2014లో యూదుల ప్రాజెక్టు, స్ట్రిప్ మీద సంగీతోత్సవంలో జరిగిన 2017 అక్టోబరు 1 కాల్పుల నుంచి బయటపడినవారి, సాయపడినవారి మాటలు ఒకదాని వెంట ఒకటి ఆ కేంద్రానికి చేరాయి.

నా దృష్టిలో ఈ భాండాగారంలో అన్నిటికన్నా బరువైనవి హోటల్ గదులు సర్దినవారి, వంటగదులలో నిలబడినవారి కథనాలు. సహారా హోటల్ వంటగదిలో నూనె మీద కాలు జారి పడి పని పోగొట్టుకున్న రూబీ డంకన్, టల్లూలా నుంచి వచ్చినవారే. రాష్ట్ర ప్రభుత్వం పేద తల్లుల సంక్షేమ భృతి కోసేసినప్పుడు 1971 మార్చి 6న ఆమె నాయకత్వంలో తల్లులు, పిల్లలు, మద్దతుదారులు స్ట్రిప్ మీద నడిచి సీజర్స్ ప్యాలెస్‌లోకి ప్రవేశించారు. కాసేపు జూదం ఆగిపోయింది. రెండు వారాలలోనే ఫెడరల్ న్యాయమూర్తి భృతిని పునరుద్ధరించమని ఆదేశించారు. ఆ తల్లులే తరువాత ఆపరేషన్ లైఫ్ అనే సంస్థ పెట్టి వెస్ట్‌సైడ్‌లో పిల్లలకు వైద్యశాల, గ్రంథాలయం నడిపారు. అలబామా నుంచి వచ్చిన హాటీ కాంటీ, భర్త పోయాక పిల్లలను సాకుతూ హోటల్ గదులు శుభ్రం చేసే పనిలో చేరి, 1990లో హోటల్, వంటగది కార్మికుల సంఘమైన కలినరీ యూనియన్ 226వ శాఖకు అధ్యక్షురాలయ్యారు. ఆమె హయాంలోనే 1991 సెప్టెంబరులో ఫ్రాంటియర్ హోటల్ సమ్మె మొదలై 1998 జనవరి చివరి దాకా, ఆరేళ్లకు పైగా సాగింది. అందులో పాల్గొన్న దాదాపు 550 మందిలో ఒక్కరూ గుమ్మం ముందు సమ్మెకారులు కట్టిన వరుసను (పికెట్ లైను) దాటి లోపలికి వెళ్లలేదని యూనియన్‌వారు నేటికీ గర్వంగా చెబుతారు. కాలిఫోర్నియా నుంచి వారాంతానికి కారులో వెళ్లి స్ట్రిప్ చూసి వచ్చే మన తెలుగువారిలో, తాము దిగిన గదిని సర్దిన మనిషి జీతం వెనుక ఇంత కథ ఉందని ఎరిగినవారు తక్కువే.

ఇవన్నీ నోటి మాటగానే మిగలడానికి ఊరి స్వభావమూ ఒక కారణం. స్ట్రిప్ హోటళ్లలో డ్యూన్స్ 1993లో, శాండ్స్ 1996లో, స్టార్‌డస్ట్ 2007లో, ట్రోపికానా 2024 అక్టోబరులో పేల్చివేతకు గురయ్యాయి. మూలాన్ రూజ్ 2003లో తగలబడి, మిగిలిన గోడలు కొన్నేళ్లకు కూల్చివేతకు పోయాయి. పేల్చివేతను కూడా జనం కుర్చీలు వేసుకుని చూసే ఊరు ఇది. ఇటుక చూపించి కథ చెప్పే వీలు లేనప్పుడు మనిషే ఆధారం.

అలాగని భాండాగారం నిండుకుండ కాదు. ఆ కేంద్రం ఎవరిని పిలిస్తే వారే పలికారు. నాయకుల గొంతు పలు చోట్ల దొరుకుతుంది, నాయకుల వెనుక నడిచినవారిది అరుదు. నిలదొక్కుకోలేక ఊరు విడిచినవారు దాదాపు లేనట్టే. కాసినోలలో డబ్బు లెక్కపెట్టే గదులలో పనిచేసినవారు ఎప్పటికీ అన్నీ చెప్పరు. నగరానికి వాయవ్యంగా ఉన్న అణు పరీక్షల క్షేత్రంలో 1951 నుంచి 1992 వరకు 928 పరీక్షలు జరిగాయి. అక్కడ పనిచేసినవారిని, ఆ పరీక్షలను వ్యతిరేకించినవారిని కలిపి 150 మందికి పైగా 2003, 2008 మధ్య మాట్లాడించారు. జీవితమంతా భార్యకు కూడా చెప్పకూడదన్న నియమం కింద బతికిన మనిషిని రికార్డరు ముందు కూర్చోబెట్టినప్పుడు, చెప్పినదాని కన్నా చెప్పనిదే ఎక్కువ ఉండటంలో వింత లేదు. 1990లో ఏడున్నర లక్షలు కూడా లేని క్లార్క్ కౌంటీ జనాభా 2020కి 22 లక్షలు దాటింది. కొత్తగా వచ్చినవారిలో స్పానిష్, ఫిలిప్పీన్స్ భాష టాగలోగ్ వంటివి మాట్లాడేవారు చాలామంది. లాటినోల కోసం 2018లో, ఆసియా మూలాలవారి కోసం 2021లో వేరుగా ప్రాజెక్టులు మొదలయ్యాక గానీ వారి వంతు రాలేదు.

కాలంతో పోటీ పడాల్సిన పని మరొకటి ఉంది. నార్త్ లాస్ వేగాస్‌లో 1960ల నడుమ నల్లజాతి కుటుంబాల కోసం కట్టిన విండ్సర్ పార్క్ కాలనీ, భూగర్భ జలాలను దశాబ్దాలుగా తోడేయడం వల్ల నేల కుంగి గోడలు బీటలు వారింది. 1962లో ఊటలు ఎండిపోయి, 1971లో హూవర్ డ్యామ్ వెనుక ఉన్న లేక్ మీడ్ జలాశయం నీళ్లు పెద్ద ఎత్తున వచ్చే నాటికే నేలకు జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. మిగిలిన కుటుంబాలను కొత్త ఇళ్లకు తరలించేందుకు 2023లో రాష్ట్రం చట్టం చేసింది. ఆ ఇళ్లు మొదట కొన్నవారు ఇప్పుడు ఎనభైలు, తొంభైలలో ఉంటారు. తరలింపుతో ఇరుగుపొరుగు తలో దిక్కు అవుతారు కనుక, ఏ వీధిలో ఎవరి పక్కన ఎవరుండేవారో, ఇల్లు అమ్మినప్పుడు నేల గురించి తమకు ఏమని చెప్పారో చెప్పగలిగినవారిని ముందుగా పలకరించవలసి ఉంది.