ఎస్‌ఎస్‌డీ డబ్బా మీది 7,000 స్పీడు చూసి కొంటున్నారా?

"ఎస్‌ఎస్‌డీ ఉంది కదండీ, అయినా స్లో. ఇంకా స్పీడున్నది వేసేయండి." కంప్యూటర్ రిపేరు బల్ల దగ్గర నేను రోజూ వినే మాట. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవ్. డబ్బా మీది స్పీడు అంకె ఎంత పెద్దదైతే కంప్యూటర్ అంత చురుగ్గా ఉంటుందన్న అపోహే జేబుకు అన్నిటికన్నా పెద్ద చిల్లు పెడుతోంది.

సాటా (పాత రకం కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ చదువుతుంది, జెన్ 4 ఎన్‌వీఎంఈ (అంతకన్నా వేగమైన కొత్త రకం) 7,000 దాకా. నిజమే, కానీ అది పెద్ద ఫైలును వరసగా చదివినప్పటి లెక్క. విండోస్ బూటయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు డ్రైవ్ చేసేది వేరే పని: అక్కడో 4 కేబీ, ఇక్కడో 4 కేబీ, అలా వేల ముక్కలు ఏరుకోవడం. ఇందులో హార్డ్ డిస్క్ సెకనుకు 1 ఎంబీ కూడా దాటదు. 7,200 ఆర్‌పీఎం పళ్లెం సరైన చోటికి తిరిగి రావడానికే సగటున 4 మిల్లీసెకన్లు కావాలి మరి. సాటా ఎస్‌ఎస్‌డీ 30, 40 ఎంబీ లాగుతుంది. ఖరీదైన ఎన్‌వీఎంఈ? చాలావరకు 60 నుంచి 90. డబ్బా మీద పన్నెండు రెట్లున్న తేడా ఇక్కడ రెండు రెట్లకు దిగిపోయింది! అదీ ప్రాసెసర్ పనిలో కలిసిపోయి కంటికి ఆనదు. నేనూ మురిసిపోయి ఒకటి కొని, స్టాప్‌వాచ్ పెట్టి బూటింగ్ కొలిచినవాణ్నే. సెకను కూడా కలిసిరాలేదు.

మొన్నొక అమ్మాయి వచ్చింది. రెండు రోజుల్లో ప్రాజెక్టు ఇవ్వాలి, ఒకటే టెన్షన్. కొత్త డ్రైవ్ కొనమని ఎవరో చెప్పారట. చూస్తే 256 జీబీలో ఖాళీ 3 జీబీ. అంతలా నిండితే ఎస్‌ఎస్‌డీకి రాయడానికి ఖాళీ బ్లాకులు దొరకవు, ఉన్న డేటాను సర్ది, చెరిపి, అప్పుడు రాయాలి. పైగా ర్యామ్ 4 జీబీ, ట్యాబులు నలభై. ర్యామ్‌లో పట్టనిదంతా ఆ నిండిన డ్రైవ్ మీదికే. వీడియోలు బయటికి మార్చి, ర్యామ్ 8 చేసి పంపాను. డ్రైవ్ పాతదే.

మిగతా అనుమానాలు చకచకా. డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కలను ఒకచోట చేర్చడం) చేయాలా? వద్దు, ఏ డేటా చెరిపేశామో డ్రైవ్‌కు చెప్పే ట్రిమ్ ఆదేశాన్ని విండోస్ తనే పంపుకుంటుంది. రెండేళ్లకే అరిగిపోతుందా? 300 టీబీడబ్ల్యూ (మొత్తం 300 టెరాబైట్లు రాయొచ్చన్న లెక్క) రేటింగున్న డ్రైవ్ మీద రోజుకు 30 జీబీ రాసినా ఆ లెక్క పూర్తవడానికి 27 ఏళ్లు. పెద్ద ఫైలు కాపీ రయ్యిమని మొదలై మధ్యలో చతికిలబడితే పాడైందని కంగారు పడకండి, ఎస్‌ఎల్‌సీ క్యాష్ (డ్రైవ్‌లో వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండింది అంతే. కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలే.