మంచుకొండ మీద దిగిన స్నేహితుడు

విశాఖపట్నం

చిరంజీవులు హర్షకీ, మేఘనకీ,

తాతయ్య ఆశీస్సులు. మీరు నేవీ డే విన్యాసాలు చూసి ఊరెళ్లాక మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే ఏడాది పదో తరగతి కదా అని హర్షని రన్నింగ్ మానిపిస్తున్నారట, వాడు రెండ్రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదట. ఆ సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. ఈలోగా మీకో పైలట్ గురించి చెప్పాలి.

డిసెంబరు 4 మనకి నేవీ డే ఎందుకయిందో మీకు తెలుసు. 1971లో ఆ రాత్రి మన మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి. అదే రోజు బంగాళాఖాతంలో మన విమానవాహక నౌక విక్రాంత్ మీంచి సీహాక్ యుద్ధ విమానాలు లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి వెళ్లాయి. అంతకు 21 ఏళ్ల ముందు, 1950లో, సరిగ్గా ఆ తేదీనే కొరియా యుద్ధంలో, అక్కడి మంచుకొండల్లో జెస్సీ బ్రౌన్ అనే అమెరికా నేవీ పైలట్ చనిపోయాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు.

బ్రౌన్‌ది మిసిసిపీ రాష్ట్రంలో ఒక పేద కౌలు కుటుంబం. నల్లజాతి పిల్లలకి బడి కూడా వేరుగా ఉండే రోజులు. చిన్నప్పుడు వాళ్ల నాన్న విమానాల ప్రదర్శనకి తీసుకెళ్లాడు, అప్పుడు పట్టుకుంది ఆ పిచ్చి. హైస్కూల్లో ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, పరుగు అన్నీ ఆడాడు. 1944లో బడి ముగిసేసరికి క్లాసులో రెండో స్థానం. మేఘనా, ఈ రెండు వాక్యాలూ మీ నాన్నకి గట్టిగా చదివి వినిపించు. తర్వాత ఓహయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. తను ఆరాధించే ఒలింపిక్ పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ చదివిందీ అక్కడే. క్లాసులయ్యాక అర్ధరాత్రి దాకా గూడ్స్ పెట్టెల్లోకి సరుకు ఎక్కించి ఫీజులు కట్టుకున్నాడు. నల్లవాళ్లు నేవీ పైలట్లు కాలేరని చాలామంది మొహం మీదే అన్నారు. 1948లో, అమెరికా నేవీ పైలట్ శిక్షణ పూర్తి చేసిన మొదటి నల్లజాతి మనిషి అతనే అయ్యాడు.

1950 డిసెంబరు 4న కింద నుంచి తూటా తగిలి అతని కోర్సేర్ విమానం కొండవాలు మీద కూలింది. మొన్న బీచ్‌రోడ్డులో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 లోపలికి ఎక్కితే ఎటు కదిలినా మోచెయ్యి తగులుతోందంది మేఘన. కోర్సేర్ అంతకంటే ఇరుకు, ఒక్కడు కూర్చునేంతే చోటు. ముందు భాగం నలిగిపోయి అతని కాలు రేకుల మధ్య ఇరుక్కుంది. ఇంజను దగ్గర పొగ.

పైన తిరుగుతున్న జంట విమానంలో టామ్ హడ్నర్ ఉన్నాడు. తెల్లవాడు, డబ్బున్న ఇంటి బిడ్డ, అతనూ స్కూల్లో పేరున్న ఆటగాడే. ఎవరినీ అడక్కుండా, చక్రాలు కిందికి దించకుండానే తన విమానాన్ని కావాలనే ఆ మంచులో దించేశాడు. ఉత్త చేతుల్తో మంచు తోడి పొగ మీద పోశాడు. తన ఉన్ని టోపీ తీసి బ్రౌన్ తలకి తొడిగాడు, గడ్డకట్టిన చేతులకి మఫ్లర్ చుట్టాడు. తర్వాత కాపాడ్డానికి వచ్చిన హెలికాప్టర్ పైలట్ గొడ్డలి తెచ్చాడు. ఎంత కొట్టినా ఆ రేకు తెగలేదు. డాక్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ని, నాకు తెలుసు: అలా నలిగి ముడుచుకున్న లోహాన్ని ఉత్త గొడ్డలితో విడదీయడం చాలా కష్టం. ఇది చదివినప్పుడల్లా నా చేతులు ఊరుకోవు.

తన భార్య డైసీకి, ఆమె అంటే తనకెంత ప్రేమో చెప్పమన్నాడు బ్రౌన్. చీకటి పడుతోంది, ఆ హెలికాప్టర్ రాత్రి ఎగరలేదు. అతన్ని అక్కడే వదిలి రావాల్సివచ్చింది.

బ్రౌన్‌కి మరణానంతరం డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకం ఇచ్చారు. హడ్నర్‌కి 1951లో అమెరికా అత్యున్నత సాహస పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చినప్పుడు డైసీ అక్కడే ఉంది. ఇద్దరి పేర్లూ యుద్ధనౌకలకి పెట్టారు. కానీ నా మనసు పతకాల దగ్గర ఆగదు. 2013లో, 88 ఏళ్ల వయసులో, హడ్నర్ స్నేహితుడి అస్థికలు వెతుక్కుంటూ ఉత్తర కొరియా వెళ్లాడు. 63 ఏళ్ల తర్వాత! వానలు, వరదల వల్ల ఆ కొండ దాకా చేరలేక వెనక్కి వచ్చాడు.

హర్షా, సంక్రాంతికి వచ్చేటప్పుడు బూట్లు తెచ్చుకో నాన్నా. తెల్లవారుజామున బీచ్‌రోడ్డులోకి బళ్లు రానివ్వరు. పుస్తకాలు కూడా తెచ్చుకో, లెక్కలు నేను చెప్తాను.

మీ తాతయ్య