న్యూక్లియస్ చుట్టూ తెల్లగా ఉందట, గర్భసంచి తీసేయాలా?

ఈ నెలలో ముగ్గురు ఇదే ప్రశ్నతో వచ్చారు. నేను ల్యాబ్‌లో స్లైడ్లు చూసుకునే పాథాలజిస్టుని, పేషెంట్లు నా దాకా రావడమే తక్కువ, వచ్చారంటే భయపడి వచ్చినట్టే. పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం నుంచి తీసిన కణాల పరీక్ష) రిపోర్టులో 'పెరిన్యూక్లియర్ హాలో', అంటే కణం మధ్యలోని న్యూక్లియస్ (కేంద్రకం) చుట్టూ తెల్లటి ఖాళీ, అని కనబడుతుంది, ఫోన్‌లో వెతుకుతారు, ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు.

అపోహ: న్యూక్లియస్ చుట్టూ ఖాళీ ఉంటే క్యాన్సర్ మొదలైనట్టే.

వాస్తవం: కాదమ్మా. న్యూక్లియస్‌కి రెండు పొరల కవరు ఉంటుంది కదా, హాలో దానికి బయట సైటోప్లాజంలో (న్యూక్లియస్ చుట్టూ కణాన్ని నింపే పదార్థంలో) రంగు పట్టని తెల్లటి వలయం. ట్రైకోమోనాస్ లాంటి ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇది సన్నగా, చుట్టూ ఒకే మందంతో వస్తుంది. హెచ్‌పీవీ (లైంగికంగా సోకే వైరస్, ఏళ్ల తరబడి పోకుండా ఉంటే గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కి దారితీయొచ్చు) సోకిన కణంలో అయితే ఖాళీ పెద్దది, అంచు కత్తిరించినట్టు ఉంటుంది, న్యూక్లియస్ ఉబ్బి ఎండుద్రాక్షలా ముడతలు పడుతుంది. దాన్ని కోయిలోసైట్ అంటాం, 1956లో కాస్, డర్ఫీ అనే పరిశోధకులు పెట్టిన పేరు. అదీ క్యాన్సర్ కాదు! చాలామందిలో ఒకటి రెండేళ్లలో వైరస్ దానంతటదే పోతుంది, డాక్టరు చెప్పినట్టు మళ్లీ పరీక్ష చేయించుకుంటే చాలు. రిపోర్టు చివర 'ఎన్‌ఐఎల్‌ఎం' అని ఉందా? క్యాన్సర్ గానీ, దానికి ముందొచ్చే మార్పులు గానీ కనబడలేదని అర్థం. ముందు ఆ లైను చదవండి.

అపోహ: ఎందుకొచ్చిన గొడవ, గర్భసంచి తీయించేసుకుంటే పోలా?

మా పెద్దమ్మకి 33 ఏళ్లప్పుడు తెల్లబట్ట అవుతోందని వెళితే, స్మియర్ కాగితం చూపించి 'వదిలేస్తే క్యాన్సర్ అవుద్దమ్మా' అన్నారట. నెల తిరక్కుండా గర్భసంచి, దాంతోపాటు అండాశయాలూ తీసేశారు. ఆ వయసుకే ముట్లుడిగి, ఒంట్లో ఆవిర్లు, ఎముకల నొప్పులు, పొలం పని మానేసింది. నేను పాథాలజీలో చేరాక ఆ కాగితం అడిగాను, పెట్టెలో చీరల కింద దాచుకుంది పాపం. అందులో ఉన్నది 'ఇన్‌ఫ్లమేటరీ స్మియర్', అంటే కణాల్లో వాపు లక్షణాలు, అంతే. మందులతో తగ్గేది. ఇదేదో మా ఇంటి కథే అనుకోకండి, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం పైనే.

హెచ్‌పీవీ వచ్చిందంటే మొగుడు తిరుగుబోతని తేల్చేస్తారు కొందరు. ఆ వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో చప్పుడు చేయకుండా ఉండగలదు, కాపురాలు కూల్చుకోకండి. స్మియర్ అంటే ముక్క కోస్తారన్నదీ అబద్ధమే, బ్రష్‌తో కణాలు తీస్తారు, రెండు నిమిషాల పని.

'హెచ్‌ఎస్‌ఐఎల్' (క్యాన్సర్‌కి ముందొచ్చే తీవ్రమైన మార్పులు) అని రాసి ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు, కాల్పోస్కోపీకి (గర్భసంచి ముఖద్వారాన్ని భూతద్దం లాంటి పరికరంతో చూసే పరీక్షకి) వెళ్లండి. మిగతావాళ్లు, ఎవరైనా ఆపరేషన్‌కి తొందరపెడితే ల్యాబ్‌లో మీ స్లైడు అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకి చూపించండి, మొహమాటపడొద్దు.