గయానా ఓటు రెండుగా చీలిన కథ: ఛెడ్డీ జగన్ జీవితం

2020 మార్చి 2న దక్షిణ అమెరికాలోని గయానాలో పోలింగ్ జరిగితే, ఫలితం ప్రకటించేసరికి ఆగస్టు 2 వచ్చింది. సుమారు ఎనిమిది లక్షల జనాభా ఉన్న దేశంలో లెక్కింపు మీద ఐదు నెలల గొడవ! భారతీయ సంతతి ఓట్లు ఒకవైపు, ఆఫ్రికన్ సంతతి ఓట్లు ఒకవైపు ఉంటాయి కాబట్టి అక్కడ ప్రతి ఎన్నికకూ టెన్షనే అంటారు. నిజమే. కానీ ఆ చీలిక మొదటి నుంచీ ఉన్నది కాదు. అదెలా వచ్చిందో ఆ దేశ అధ్యక్షుడిగా పనిచేసిన భారతీయ సంతతి నాయకుడు ఛెడ్డీ జగన్ జీవితం చూస్తే తెలుస్తుంది.

1838 నుంచి 1917 దాకా దాదాపు 2,39,000 మంది భారతీయులను చెరకు తోటల్లో కూలీ ఒప్పందం మీద బ్రిటిష్ గయానాకు తీసుకెళ్లారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. జగన్ తల్లిదండ్రులది ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ ప్రాంతం. 1901లో పసిపిల్లలుగా తల్లుల వెంట ఓడ దిగారు. 1918లో పోర్ట్ మౌరంట్ తోటలో జగన్ పుట్టాడు. చెరకు నరికే పనితో మొదలుపెట్టి మేస్త్రీ అయిన తండ్రి, పెద్ద కొడుకు జగన్‌ను చదువు కోసం అమెరికా పంపాడు. 1943లో అతను పళ్ల డాక్టరుగా తిరిగొచ్చాడు. షికాగోలో పెళ్లి చేసుకున్న జానెట్ కూడా వెంటనే వచ్చి ఉద్యమంలో దిగింది.

1948 జూన్‌లో ఎన్‌మోర్ తోటలో సమ్మె చేస్తున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఐదుగురు చనిపోయారు. జగన్ రాజకీయానికి దారి చూపింది ఆ సంఘటనే. 1950లో ఆయన, ఆఫ్రికన్ సంతతి లాయరు ఫోర్బ్స్ బర్నమ్ కలిసి పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీని నిలబెట్టారు. వయోజనులందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నిక 1953లో జరిగింది. అందులో 24 సీట్లకు 18 ఆ పార్టీవే. చెరకు తోటల భారతీయ కూలీ, రాజధాని జార్జ్‌టౌన్‌లోని ఆఫ్రికన్ సంతతి రేవు కార్మికుడు ఒకే పార్టీకి ఓటేశారు. ఈ ఒక్క సంగతి చాలు, చీలిక తప్పనిసరి అనే వాదన నిలవదు.

ఆ ప్రభుత్వం 133 రోజులే ఉంది. కార్మికులు ఎన్నుకున్న సంఘాన్నే తోటల యజమానులు గుర్తించాలని బిల్లు తెచ్చింది. కమ్యూనిస్టు కుట్ర అంటూ బ్రిటన్ సైన్యాన్ని దింపి రాజ్యాంగాన్నే నిలిపేసింది. జగన్ జైలుకెళ్లాడు. 1955లో బర్నమ్ విడిపోయాడు. ఆ తర్వాత భారతీయుల పల్లెల్లో 'అపన్ జాట్' అనే మాట వినిపించసాగింది. మనవాళ్లకే ఓటు అని దానర్థం. దాన్ని ఆపడానికి జగన్ చేయాల్సినంత చేయలేదని నా అభిప్రాయం. ఆ మాటవల్ల ఆయన పార్టీకి ఓట్లు కలిసొచ్చాయి.

1957లో, 1961లో మళ్లీ గెలిచాడు. అప్పటికి అదే కరీబియన్ ప్రాంతంలోని క్యూబాలో కమ్యూనిస్టు విప్లవం వచ్చింది. జగన్ చేతికి స్వాతంత్ర్యం వెళ్లకూడదని అమెరికాలోని కెనెడీ ప్రభుత్వం బ్రిటన్ మీద ఒత్తిడి పెట్టింది. 1963లో ప్రభుత్వాన్ని స్తంభింపజేసిన 80 రోజుల సమ్మెకు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ డబ్బు అందింది. వీధుల్లో రెండు జాతుల మధ్య రక్తం పారింది. చివరికి ఎన్నిక పద్ధతినే మార్చి, వచ్చిన ఓట్ల శాతాన్ని బట్టి పార్టీలకు సీట్లు పంచే దామాషా తెచ్చారు. దామాషా అన్యాయమైన పద్ధతేమీ కాదు. 1961లో 43 శాతం ఓట్లతోనే జగన్‌కు 35లో 20 సీట్లు దక్కిన మాట వాస్తవం. కానీ దాన్ని తెచ్చింది ఒక్క మనిషిని దించడానికి. 1964లో 46 శాతం ఓట్లతో ఆయనదే పెద్ద పార్టీ. అయినా మరో పార్టీతో కలిసి బర్నమ్ గద్దెనెక్కాడు. 1966లో స్వాతంత్ర్యం కూడా బర్నమ్ చేతికే వచ్చింది.

1964 నుంచి ఇరవై ఎనిమిదేళ్లు జగన్ ప్రతిపక్షంలోనే ఉన్నాడు. 1968 నుంచి ప్రతి ఎన్నికలోనూ రిగ్గింగే. జగన్‌కు అన్యాయం జరిగిందని 1990లో కెనెడీ సలహాదారు ఆర్థర్ ష్లెసింజర్ ఒప్పుకున్నాడు. అప్పటికి ఒక తరం మొత్తం గడిచిపోయింది.

1992లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ చొరవతో ఒక నిబంధన మారింది. ఓట్ల పెట్టెలను ఎక్కడికో తరలించకుండా పోలింగ్ కేంద్రంలోనే ఓట్లు లెక్కించాలి. ఆ ఎన్నికలో గెలిచిన జగన్ 74 ఏళ్ల వయసులో అధ్యక్షుడయ్యాడు. 1997 మార్చి 6న పదవిలో ఉండగానే కన్నుమూశాడు.

2020లో రాజధాని ప్రాంతం ఓట్ల మొత్తాలు తేడాగా ప్రకటించినప్పుడు, 1992 నాటి ఆ నిబంధన వల్ల తమ దగ్గరున్న పోలింగ్ కేంద్రాల లెక్కల కాగితాలతో పార్టీలు పోల్చి చూపించాయి. తిరిగి లెక్కిస్తే జగన్ స్థాపించిన పార్టీయే గెలిచిందని తేలింది.