అప్పులవాళ్ల భయం: ఆస్ట్రేలియా ట్రైబ్యునల్‌లో మలుపు ఎక్కడ?

ఆస్ట్రేలియాలో శరణార్థి వీసాల గొడవ మళ్లీ రాజుకుంది. పని చేసుకోవడానికి వచ్చి, అప్పులవాళ్లు చంపేస్తారని కథలు చెబుతున్నారన్నది ఒక వైపు వాదన. ఈ మాట ఎక్కువగా తగిలేది మలేసియన్లకు. 2010ల రెండో సగంలో విమానంలో వచ్చి శరణు కోరినవాళ్లలో వాళ్లది పెద్ద సంఖ్య. మలేసియాలో లైసెన్సు లేకుండా వడ్డీకి తిప్పేవాళ్లను ‘ఆ లోంగ్’ అంటారు. వాయిదా తప్పితే ఇంటి గేటు మీద ఎర్ర రంగు కుమ్మరిస్తారు, వీధిలో ఫొటోతో పోస్టర్లు అంటిస్తారు. విజయవాడ కాల్ మనీ గుర్తున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

శరణార్థి ఎవరో చెప్పే 1951 అంతర్జాతీయ ఒప్పందంలోని ఐదు కారణాల్లో (జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం) అప్పు లేదు. వడ్డీ వ్యాపారికి కావాల్సింది డబ్బు, బాకీదారు మతమో రాజకీయమో కాదు. ‘బాకీ పడ్డవాళ్లు’ ఒక సామాజిక వర్గమన్న వాదనా నిలవదు. ఒకే హింసకు భయపడినంత మాత్రాన జనం వర్గం అయిపోరని 1997లోనే హైకోర్టు (ఆస్ట్రేలియాలో అదే అత్యున్నత న్యాయస్థానం) తేల్చింది. 2002లో ఒక పాకిస్థానీ మహిళ గృహహింస కేసులో మాత్రం చిన్న సందు దొరికింది. ఆడవాళ్లన్న కారణంతో పోలీసులు పట్టించుకోకపోతే ప్రైవేటు హింస కూడా లెక్కలోకి వస్తుందని కోర్టు అంది. ఆ లోంగ్ కేసుల్లో ఆ సందు పెద్దగా పనికిరాలేదు.

అసలు మలుపు 2012 మార్చి 24. ‘అనుబంధ రక్షణ’ అమల్లోకి వచ్చిన రోజు అది. అంతకుముందు ఇలాంటివాళ్లకు మిగిలింది వలసల శాఖ మంత్రి దయ ఒక్కటే. ఇప్పుడు ఐదు కారణాలతో పని లేదు. వెనక్కి పంపితే ప్రాణం పోయే, లేదా క్రూరమైన హింసకు గురయ్యే నిజమైన ప్రమాదం ఉందా అన్నదే ప్రశ్న. అదే ఏడాది ఫెడరల్ కోర్టు ఫుల్ బెంచ్ ఇంకో మెట్టు ఎక్కింది. ఉక్రెయిన్ నుంచి వచ్చినవాళ్ల కేసులో 2004లో హైకోర్టు, ఏ దేశమూ పౌరులకు పూర్తి భద్రత హామీ ఇవ్వలేదని, ఓ మోస్తరు పోలీసు వ్యవస్థ ఉంటే చాలని అంది. అనుబంధ రక్షణకు ఆ కొలత సరిపోదని ఫుల్ బెంచ్ చెప్పింది. పోలీసులు ఉంటే చాలదు, వాళ్ల వల్ల ఆ మనిషికున్న ప్రమాదం నిజంగా తగ్గాలి.

చట్టం తలుపు తీసింది గానీ లోపలికి వెళ్లినవాళ్లు తక్కువే. వీసా తిరస్కరణలపై అప్పీళ్లు వినే ట్రైబ్యునల్ హియరింగులో ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఎంత తీసుకున్నారు, ఇంకా కడుతున్నారా, పోలీసు రిపోర్టు ఏది? మలేసియాలోనే పెనాంగ్‌కో సబాకో మారొచ్చుగా? అమ్మానాన్నలు అదే ఇంట్లో ఉంటే వాళ్లనేం చేయలేదేం? దిగిన వెంటనే ఎందుకు దరఖాస్తు చేయలేదు? దొంగ అప్పుకు రసీదు ఎక్కడిది! పైగా 2015 సవరణలు రుజువుల భారాన్ని దరఖాస్తుదారుడి మీదే పెట్టాయి. సరైన కారణం లేకుండా కొత్త విషయం ట్రైబ్యునల్‌లో మొదటిసారి చెబితే అనుమానించమన్నాయి కూడా. ఏజెంటు రెండు ముక్కలు రాసి పడేసిన ఫారంతో వచ్చినవాడికి అదే ఉరితాడు.

దొంగ దరఖాస్తులు లేవని కాదు, ఉన్నాయి. 2023 అక్టోబరులో ప్రభుత్వం 16 కోట్ల డాలర్లు ప్రకటించి, కొత్తగా వచ్చినవాటినే ముందు తేలుస్తామంది వాటికోసమే. 2024 అక్టోబరు 14న ట్రైబ్యునలే మారింది, పాతదాని స్థానంలో అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ ట్రైబ్యునల్ వచ్చింది. కొలత మాత్రం 2012 నాటిదే: ఎర్ర రంగు పడ్డ ఆ ఇంటికి పోలీసులు వస్తారా, వస్తే ఏం చేస్తారు?