ఆ తెల్ల మడ్డి పారబోయకండి: వెండి క్లోరైడ్‌పై అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో పాత బంగారం, వెండి శుద్ధి చేసే పని నాది. జనగామ, పరకాల, హుజూరాబాద్ నుంచి వచ్చే అవుసలి పనివాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "ఆక్వా రీజియాలో వేస్తే అడుగున సున్నం లెక్క మిగిలింది, మోరీల పోసిన." ఆక్వా రీజియా అంటే బంగారాన్ని కరిగించే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ల మిశ్రమం. ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: అడుగున మిగిలేది చెత్త.

వాస్తవం: అది వెండి క్లోరైడ్. నగలోని బంగారం కరిగి పసుపు రంగు నీళ్లలోకి పోతుంది, కలుపుగా ఉన్న వెండి క్లోరైడ్‌గా మారి కిందకి దిగుతుంది. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన 100 గ్రాముల వెండి క్లోరైడ్‌లో 75 గ్రాములు వెండే! అనుమానముంటే చిటికెడు ఎండలో పెట్టండి, ఊదా రంగుకు తిరుగుతుంది. అమ్మోనియాలో కూడా కరుగుతుంది కానీ ఆ నీళ్లను నిల్వ ఉంచొద్దు, పేలే పదార్థం తయారవుతుంది. పరీక్ష కాగానే కొంచెం యాసిడ్ పోసి విరిచేయండి.

పారబోయనివాళ్లు ఇంకో పొరపాటు చేస్తారు, నేరుగా మూసలో (లోహం కరిగించే పాత్రలో) వేసి మంట పెడతారు. వెండి కరగాలంటే 961 డిగ్రీలు కావాలి, క్లోరైడ్ 455కే నీరవుతుంది. కొంత మూసలోకి ఇంకుతుంది, కొంత పొగై పోతుంది. ఒక కుర్రాడు ఇలాగే చేస్తే వెండి తగ్గిందని యజమాని దొంగతనం అంటగట్టాడు. "అన్నా, నేనేం దియ్యలే" అని ఏడ్చుకుంటూ వచ్చాడు. ఆ మూస పగలగొట్టించి, పొడి చేయించి, అందులోంచి కొంత వెండి తీసి చూపించాకే యజమాని శాంతించాడు. ఎంత టెన్షన్ పడ్డాడో పాపం.

సరైన పద్ధతి కష్టమేం కాదు. యాసిడ్ పోయేదాకా కడగండి. పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఇనుప ముక్కలతో కలిపి ఉంచి, అప్పుడప్పుడూ కలియబెట్టండి. తెలుపంతా పోయి బూడిద రంగు పొడి అవుతుంది, అదే వెండి. ఇనుము ఏరేసి, మళ్లీ కడిగి, ఆరబెట్టి, వెలిగారం వేసి కరిగించండి. లోపల తెల్ల ముద్దలు మిగిలితే మాత్రం తొందరపడొద్దు.

అపోహ: వెండిని నైట్రిక్ యాసిడ్‌లో కరిగించేటప్పుడు తెల్లగా విరిగితే ఆ యాసిడ్ కల్తీది.

వాస్తవం: ముందు మీ బోరు నీళ్లు చూసుకోండి. వాటిలోని ఉప్పే వెండిని క్లోరైడ్‌గా విరిచేస్తుంది. డిస్టిల్డ్ వాటర్ వాడండి.

అపోహ: పట్టీలు నల్లబడితే వెండి నకిలీది, లేదా ఒంట్లో రోగముంది.

వాస్తవం: రెండూ కాదు. ఆ నలుపు ఎక్కువగా వెండి సల్ఫైడ్, గాలిలోని, చెమటలోని గంధకం వల్ల వస్తుంది. కొత్త కోడలి పట్టీలు నల్లబడ్డాయని భయపడి ఫోన్ చేసే తల్లులారా, మెరుగు పెట్టిస్తే చాలు.

అపోహ: వెండి క్లోరైడ్ ముట్టుకుంటే విషం.

వాస్తవం: అది నీళ్లలో దాదాపు కరగదు. ఆసుపత్రిలో ఈసీజీ తీసేటప్పుడు ఛాతీకి అంటించే బిళ్లల్లో ఎక్కువగా ఉండేది ఇదే. అసలు ప్రమాదం ఆక్వా రీజియా నుంచి లేచే ఎర్రటి పొగది. ఇప్పటికీ ఇంటి వెనక ఇరుకు గదిలో, పిల్లలు తిరిగే చోట ఈ పని చేస్తున్నవాళ్లున్నారు. దయచేసి ఇవాళే ఆ పనిని గాలాడే చోటికి మార్చండి.